బుర్రిపాలెం బుల్లోడి ఆరు ట్రాకులు... మన ముందు గదిలోకి!

"సినిమా చూశావా?" అని అడిగేవాళ్ళే గాని, "సినిమా విన్నావా?" అని అడిగేవాళ్ళు మనలో ఒక్కరూ కనపడరు. హీరో ఎంట్రీకి ఈల వేస్తాం, కాగితాలు ఎగరేస్తాం, పాటకి కుర్చీలో నిలబడతాం. ఆ ఎంట్రీకి మన గుండె దడదడలాడించింది తెర మీది బొమ్మ ఒక్కటే కాదు, తెర వెనకాల, గోడల మీద, నెత్తి వెనకాల మోగిన స్పీకర్లు కూడాననే సంగతి మాత్రం ఎప్పుడూ గుర్తుపెట్టుకోం.

అదే సినిమా నెలా రెండు నెలల తర్వాత ఇంట్లో టీవీలో చూడండి. బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. మాటలేమో పక్క గదిలో ఎవరో గుసగుసలాడుతున్నట్టు వినపడతాయి. సరే కదా అని వాల్యూం పెంచుతాం. అంతలో ఫైటు వస్తుంది... నిద్రపోతున్న నాయనమ్మ ఉలిక్కిపడి లేచి కూచుంటుంది! రిమోటు చేతిలోంచి దించే యోగం ఉండదు. తప్పు సినిమా వాళ్ళది కాదు. గోడకి అతుక్కుపోయే పల్చటి టీవీలో స్పీకరు పెట్టడానికి చోటేదీ? ఉన్న చిన్నపాటి స్పీకర్లు కూడా నేల వైపో గోడ వైపో తిరిగి ఉంటాయి. నెలల తరబడి సౌండు ఇంజనీర్లు కూర్చిన శబ్దమంతా ఆ ఇరుకు సందులోంచి రావాలంటే ఎలా వస్తుంది?

దీనికి మందు ఉంది. దాని పేరు సరౌండ్ సౌండ్ రిసీవరు. "అబ్బో, అది హైదరాబాదు బంగళాల వాళ్ళ సరదా" అనుకునేరు! గుంటూరు, ప్రకాశం పత్తి-మిర్చి పల్లెల్లో ఉండే మామూలు కుర్రాడు కూడా, కాస్త లెక్కగా నడుచుకుంటే, ఇంట్లో పెట్టుకోగల వస్తువే అది. ఆ లెక్కేమిటో చెప్పుకునే ముందు, ఈ నాలుగువైపుల మోత మన దాకా ఎలా వచ్చిందో చూద్దాం. అందులో మన ప్రాంతం వాడి పాత్ర చిన్నదేమీ కాదు మరి!

తెర వెనక ఒకే గొంతు

తెలుగు సినిమా 1932లో 'భక్త ప్రహ్లాద'తో నోరు విప్పింది. ఆ తర్వాత చాలా యేళ్ళు మన ఊళ్ళ హాళ్ళలో శబ్దమంటే తెర వెనకాల నుంచి వచ్చే ఒకే గొంతు. డేరా టాకీసైనా, రేకుల హాలైనా, గుంటూరు నడిబొడ్డున మేడ హాలైనా అంతే. గుర్రం ఎడమ నుంచి కుడికి పరిగెత్తినా డెక్కల చప్పుడు మధ్యలోనే ఉండేది. మన పెద్దవాళ్ళకి అదే స్వర్గం. ఘంటసాల గొంతుకి అయిదు స్పీకర్లు కావాలా?

పరాయి దేశాల్లో మాత్రం ప్రయోగాలు అప్పటికే మొదలయ్యాయి. 1940లో వాల్ట్ డిస్నీ తన 'ఫాంటాసియా' కోసం శబ్దాన్ని హాలు చుట్టూ తిప్పే ఏర్పాటు చేయించాడు. దానికి 'ఫాంటాసౌండ్' అని పేరు. ఖర్చు మోయలేక అది కొద్ది హాళ్ళతోనే ఆగింది. 1953లో 'ది రోబ్'తో సినిమాస్కోప్ వచ్చినప్పుడు తెర వెడల్పుతో పాటు నాలుగు ట్రాకుల శబ్దమూ వచ్చింది. మూడు తెర వెనక, ఒకటి ప్రేక్షకుల చుట్టూ. ఆ తర్వాత 70 ఎం.ఎం. వచ్చి ట్రాకులను ఆరు చేసింది. 1975లో 'షోలే' 70 ఎం.ఎం.లో స్టీరియో శబ్దంతో వచ్చి దేశాన్ని ఊపేసింది.

బుర్రిపాలెం వేసిన మూడు అడుగులు

ఇక మన సంగతి. తెనాలి పక్క బుర్రిపాలెంలో 1943లో పుట్టిన ఘట్టమనేని కృష్ణ పేరు చెప్పకుండా తెలుగులో ఈ కథ చెప్పడం కుదరదు.

1974లో తన నూరో చిత్రం 'అల్లూరి సీతారామరాజు'ను తొలి తెలుగు సినిమాస్కోప్‌గా తెచ్చారు. తెర వెడల్పయింది. 1986లో 'సింహాసనం' వచ్చింది. దర్శకుడూ ఆయనే, హీరో ఆయనే. తెలుగులో తొలి 70 ఎం.ఎం., తొలి ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దం! అప్పటికి రాష్ట్రంలో 70 ఎం.ఎం. ప్రొజెక్టరున్న హాళ్ళు కొద్దే. ఆ హాల్లోనే చూడాలని అభిమానులు బస్సులెక్కి ఊళ్ళు దాటి వెళ్ళారు. ఆ ప్రింటు అంచుల్లో అయస్కాంతపు పూత గీతలుంటాయి. టేపురికార్డరు టేపు లాగే వాటి మీద శబ్దం ఉంటుంది. తెర వెనక అయిదు, హాలు చుట్టూ ఒకటి.

1995లో 'తెలుగు వీర లేవరా'తో డి.టి.ఎస్. శబ్దాన్ని తెలుగుకి తెచ్చిందీ ఆయనే. ఈ డి.టి.ఎస్. తమాషా ఏమిటంటే, శబ్దం ఫిల్ము మీద ఉండదు! విడిగా సీడీల్లో ఉంటుంది. ఫిల్ము అంచున సన్నటి గుర్తులుంటాయి. ప్రొజెక్టరు గదిలోని యంత్రం ఆ గుర్తులను చదువుతూ, ఏ సీనుకి సీడీలో ఏ శబ్దమో సరిగ్గా జత కలుపుతుంది. 1993లో 'జురాసిక్ పార్క్'తో లోకానికి పరిచయమైంది. పోటీదారు డాల్బీ డిజిటల్ అంతకు యేడాది ముందే, 1992లో 'బాట్‌మన్ రిటర్న్స్'తో వచ్చింది. వాళ్ళు శబ్దపు లెక్కలను ఫిల్ము పళ్ళచక్రం పట్టుకునే చిల్లుల మధ్యనున్న ఖాళీలో అచ్చొత్తేశారు!

ఆ తర్వాత మన ఊళ్ళ గోడల మీద వాల్‌పోస్టర్లు గుర్తు తెచ్చుకోండి. హీరో పేరు కింద అంతే లావు అక్షరాల్లో 'డి.టి.ఎస్.' అని వేసేవాళ్ళు. ఆ మూడక్షరాల కోసం టిక్కెట్టు కొన్న కాలం ఒకటి నడిచింది. సూపర్‌స్టార్ 2022 నవంబరులో కన్నుమూశారు. ఆయన హాళ్ళకి తెచ్చిపెట్టిన నాలుగువైపుల మోత మాత్రం ఇప్పుడు చక్కెర డబ్బాల పెట్టెంత సైజుకి కుదించుకుని మన ముందు గదిలోకి వచ్చి కూచుంది. అదే రిసీవరు!

ఇంతకీ రిసీవరంటే?

పేరు చూసి కంగారు పడకండి. అది చేసేది మూడే పనులు.

మొదటిది, వచ్చినదాన్ని అందుకోవడం. టీవీ, సెట్‌టాప్ బాక్సు, డిస్కు ప్లేయరు, అన్నీ దానికే తగిలిస్తారు. రెండోది, విడదీయడం. డాల్బీ, డి.టి.ఎస్. అని మూటగట్టి పంపిన శబ్దాన్ని విప్పి, ఇది ఎడమకి, ఇది కుడికి, ఇది మధ్యకి, ఇవి రెండూ వెనక్కి అని పంచుతుంది. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా లాటు ప్రకారం టిక్కీలు విడగొట్టినట్టన్నమాట! మూడోది, ఆ పంచిన వాటికి విడివిడిగా బలం పోసి స్పీకర్లను మోగించడం.

5.1 అంటారే, దాని అర్థం ఇదీ. ముందు ఎడమ, ముందు కుడి, ముందు మధ్య, వెనక ఎడమ, వెనక కుడి... అయిదు. చుక్క తర్వాత ఒకటి బాంబు పేలుడు లాంటి లావు శబ్దాలకి ప్రత్యేకించిన సబ్‌వూఫర్. ఇక్కడో ముఖ్యమైన మాట. మామూలు రిసీవరు ఆ అయిదింటికే బలం ఇస్తుంది. సబ్‌వూఫర్‌కి తన సొంత ఆంప్లిఫయర్ ఉండాలి. కొనేటప్పుడు 'యాక్టివ్ సబ్‌వూఫర్' అని అడిగి తీసుకోండి.

మరి బజార్లో నాలుగైదు వేలకి '5.1 హోం థియేటర్' అని అమ్ముతారే, అదో? అందులో చాలా వాటికి బ్లూటూత్, ఆక్స్, పెన్‌డ్రైవ్ తప్ప వేరే దారి ఉండదు. బ్లూటూత్‌లో వచ్చేది రెండు ట్రాకులే. ఆ రెండింటినే అయిదు పెట్టెల్లోకి ఒంపుతారు. పెట్టెలు అయిదే, శబ్దాలు రెండే! పాటలకి సరదాగానే ఉంటుంది గాని, హెలికాప్టరు నెత్తి వెనక నుంచి ముందుకి రావడమనేది అందులో జరగదు. పెట్టె వెనకాల హెచ్.డి.ఎం.ఐ. గాని ఆప్టికల్ గాని ఉందా, మీద డాల్బీ డిజిటల్ గుర్తు ఉందా... ఈ రెండూ చూస్తే అసలేదో నకిలేదో తేలిపోతుంది.

ఏడు టిక్కీల లెక్క

ఇక డబ్బు. యమాహా ఆర్‌ఎక్స్-వి385, సోనీ ఎస్‌టిఆర్-డిహెచ్590, డెనాన్ ఎవిఆర్-ఎక్స్250బిటి లాంటివి ఈ జాతిలో తొలిమెట్టు సరుకు. ఇలాంటివి కొత్తవి ఇంచుమించు పాతిక వేల నుంచి నలభై వేల దాకా పలుకుతుంటాయి. ముప్పయ్ అయిదు వేలనుకుందాం.

దాన్ని మన భాషలోకి మార్చండి. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలి రైతు రోడ్డెక్కినప్పుడు, కేంద్రం క్వింటాలుకి రూ. 11,781 లెక్క కట్టింది. ఆ లెక్కన రిసీవరు ఒక్కటే మూడు క్వింటాళ్ళ మిర్చి. అంటే యార్డుకి తోలిన ఏడు టిక్కీలు! పత్తిలో చెప్పాలంటే, 2025-26కి పొడుగు పింజకి మద్దతు ధర క్వింటాలు రూ. 8,110. నాలుగు క్వింటాళ్ళు దాటి పోయాలి. స్పీకర్లు, సబ్‌వూఫర్ కలిపితే ఖర్చు అంతకి రెట్టింపు పైనే. ఏడు టిక్కీల వెనక ఎన్ని మందు కొట్టుళ్ళు, ఎంతమంది కోత కూలీల ఎర్రటి ఎండలున్నాయో ఆ ఇంటి బిడ్డలు మీకు వేరే చెప్పాలా?

అందుకే మొదటి సూత్రం రాసి పెట్టుకోండి: పంట అప్పు మీద గాని, ఎరువుల కొట్టు ఖాతా మీద గాని సౌండు సిస్టం కొనకూడదు. సినిమాలో హీరో బాకీ చివరి రీల్లో తీరిపోతుంది. మనది అలా తీరదు.

రెండో సూత్రం ఇంకా మంచిది. రిసీవరుకున్న అసలు సుగుణం ఏమిటంటే, అంతా ఒక్కసారే కొనక్కర్లేదు! మిర్చి ఒకేసారి కోతకి రాదు కదా, ఇదీ అంతే. తొలి కోతకి రిసీవరు, ఒక జత స్పీకర్లు. రిసీవరు సెట్టింగులో 'సెంటర్ లేదు, సరౌండ్ లేదు' అని చెప్పండి. వాటి శబ్దాన్ని కూడా ఈ రెండింటికే సర్దేస్తుంది, ఒక్క మాట కూడా పోదు. రెండో కోతకి మధ్య స్పీకరు. మూడో కోతకి వెనక జత. ఆ మీద సబ్‌వూఫర్. నెలజీతం కుర్రాళ్ళు కోత బదులు బోనస్ అనుకోండి. ఒకే పెట్టెలో అన్నీ కలిపి అమ్మే సెట్లకి ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. అందులో ఒకటి చెడితే మొత్తం మూలపడుతుంది.

అందరూ మొదట సబ్‌వూఫర్ మీదకి ఎగబడతారు. వద్దు. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకరులోంచే వస్తాయి. త్రివిక్రమ్ రాసిన మాట స్పష్టంగా వినపడకుండా ఇల్లు మాత్రం అదిరితే ఏం లాభం?

అంకెల మాయ

అట్టపెట్టె మీద '5000 వాట్లు పి.ఎం.పి.ఓ.' అని చూసి మురిసిపోకండి. అది ఏ కొలతకీ కట్టుబడని అంకె. అడగాల్సింది ఆర్.ఎం.ఎస్. వాట్లు. అందులోనూ కిటుకుంది. యమాహా వి385నే తీసుకోండి. రెండు ఛానళ్ళు కలిసి, అన్ని స్వరాలకీ పనిచేసేటప్పుడు దాని లెక్క 70 వాట్లు. ఒక్క ఛానలే, ఒక్క స్వరానికే అంటే అదే యంత్రం 100 వాట్లు చెబుతుంది. అబద్ధం కాదు, కొలిచే పద్ధతి వేరు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఒకే పద్ధతి అంకెలు చూసుకోండి, అంతే.

ఇంకో రహస్యం. వాట్లు రెట్టింపయితే మోత రెట్టింపు కాదు. పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి 'కాస్త పెరిగినట్టుందే' అనిపిస్తుంది. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే వాట్లు పదింతలు కావాలి! కాబట్టి 70కీ 90కీ మధ్య తేడా కోసం అయిదు వేలు పోయకండి. ఆ డబ్బు మంచి స్పీకరు మీద పెట్టండి. స్పీకరు వెనక 'సెన్సిటివిటీ' అని ఉంటుంది. 87 ఉన్నదానికంటే 90 ఉన్నది సగం వాట్లతోనే అంతే మోగుతుంది. పన్నెండడుగుల గదికి అన్నీ చాలు.

వైరు మాట. వేలు పోసి బంగారు పూత వైర్లు కొనక్కర్లేదు. ఎలక్ట్రికల్ కొట్లో ఇళ్ళ వైరింగుకి అమ్మే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి పోగుల వైరు భేషుగ్గా పనిచేస్తుంది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి కలపడం మాత్రం మరచిపోకండి. ఒక్కటి తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని లావు శబ్దం మాయమవుతుంది.

పాతదైతేనేం?

కొత్తదానికి చెయ్యి అందకపోతే పాతది చూడండి. బ్యాంకు ఉద్యోగాల బదిలీల మీదా, పెద్ద ఊళ్ళలో కొత్త మోడల్ మోజు మీదా పాత రిసీవర్లు బయటికి వస్తూనే ఉంటాయి. హెచ్.డి.ఎం.ఐ. లేని మరీ పాత యంత్రమైనా, ఆప్టికల్ దారి ఉంటే చాలు, డాల్బీ డిజిటల్ 5.1 పలికిస్తుంది. ఒక్క చిక్కు. ఫోను, టీవీ యాప్‌ల సినిమాలు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే పద్ధతిలో వస్తాయి. అది ఆప్టికల్‌లో పోదు. టీవీ సెట్టింగులో శబ్దాన్ని 'డాల్బీ డిజిటల్'కి మార్చి పంపే వీలుందో లేదో ముందే చూసుకోండి.

కొనబోయేటప్పుడు ఇవి తప్పవు. ఆన్ చేశాక లోపల 'టక్' మని రిలే శబ్దం రావాలి. రాకపోయినా, వచ్చి వెంటనే ఆగిపోయినా వెనక్కి తిరగండి. ఒకే స్పీకరుని అయిదు ఛానళ్ళకీ వరసగా మార్చి మోగించి చూడండి, అయితే మార్చే ప్రతిసారీ రిసీవరు ఆపి మార్చండి. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలన్నీ తగిలించి చూడండి. ముందుగా పోయేవి అవే. కాలిన వాసన వస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. సెట్ చేసే మైకు, రిమోటు ఉన్నాయా అని అడగండి.

మన ఊళ్ళలో ఇంకో దారి ఉంది. మైకుసెట్టు మెకానిక్కులు! అహూజా ఆంప్లిఫయర్ల మీద చెయ్యి తిరిగి, 4440 ఐసీతో పెళ్ళిళ్ళను అదరగొట్టిన ఉస్తాదులు వీళ్ళు. 5.1 డీకోడరు బోర్డు తెప్పించి, చెక్కపెట్టెలు కట్టి, కంపెనీ రిసీవరు ధరలో కొంతకే సెట్టు తయారుచేసే వాళ్ళున్నారు. బాగుచేయడానికి మనిషి పక్క వీధిలోనే ఉంటాడు, అది పెద్ద లాభం. అయితే కరెంటు భాగం పెట్టె లోపల సరిగ్గా బిగించాడా, ఎర్తు ఇచ్చాడా అన్నది దగ్గరుండి చూసుకోవాలి.

నల్లరేగడి ఇళ్ళలో మెలకువలు

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. శ్లాబు కప్పు, సున్నం గోడలు, చలవరాళ్ళ నేల. వేసవికి హాయి, శబ్దానికి శత్రువు! చప్పట్లు కొట్టి చూడండి, గంగాళంలో కొట్టినట్టు గణగణమంటుంది. ఎంత మంచి రిసీవరైనా అలాంటి గదిలో కీచుమంటుంది. దీనికి విరుగుడు బజార్లో అమ్మే నల్ల నురుగు పలకలే కానక్కర్లేదు. మన నేల పండించేదే ఉంది... దూది! శబ్దం దూది పోగుల్లో దూరి, రాపిడికి వేడిగా మారి చచ్చిపోతుంది. పాత పరుపు ఒకటి వెనక గోడకి ఆనించండి. నేల మీద బొంత పరవండి. కిటికీలకి మందపాటి తెరలు వేయండి. గదిలో మాట ఒక్కసారిగా తేటపడుతుంది. పల్చటి గుడ్డ ఒక్కటే అయితే సన్న శబ్దాలను మింగుతుంది గాని లావు శబ్దాలను వదిలేస్తుంది. మందం ఉండాలి. దూదిని రిసీవరుకి మాత్రం ఆమడ దూరంలో ఉంచండి. అది వేడెక్కే వస్తువు.

ఆ వేడి కోసమే రిసీవరు పైన నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాలి. మీద టవలు కప్పడం, సెట్‌టాప్ బాక్సు ఎక్కించడం చేయకండి. చిల్లుల్లో బల్లులు దూరకుండా, కల్లాల రోజుల దుమ్ము చేరకుండా వారానికోసారి పొడి బ్రష్షుతో దులపండి. కరెంటు ఎగిరిపడే పల్లెల్లో స్టెబిలైజరు పెట్టండి. ఈదురుగాలి, ఉరుము వినపడగానే ప్లగ్గు పీకేయండి. డిష్ కేబులు కూడా తీసేయండి, పిడుగు ఆ దారినా వస్తుంది.

పెట్టే తీరు చూద్దాం. మధ్య స్పీకరు టీవీ కిందో పైనో, చెవి వైపు తిరిగి ఉండాలి. ముందు జత టీవీకి రెండు పక్కలా, మీరు కూచునే చోటుతో కలిపితే మూడు వైపులూ సమానమైన త్రిభుజం కావాలి. వెనక జత నెత్తి వెనక కాదు, భుజాలకి పక్కగా, కొంచెం వెనక్కి, చెవికంటే అడుగు రెండడుగుల ఎత్తున. ఆ తర్వాత దూరాలు టేపుతో కొలిచి రిసీవరుకి చెప్పండి. ఎందుకంటారా? శబ్దం వెయ్యో వంతు సెకనులో అడుగుకి పైచిలుకు నడుస్తుంది. ముందు స్పీకరు పదడుగుల్లో, వెనకది నాలుగడుగుల్లో ఉంటే వెనకది ముందే వచ్చేస్తుంది. దూరం చెబితే రిసీవరు దగ్గరి స్పీకరుని అంత సేపు ఆపి, అన్నింటినీ ఒకేసారి మీ చెవికి చేరుస్తుంది. మైకు ఇచ్చిన మోడళ్ళు ఈ పని తామే చేసుకుంటాయి.

ఒక్క నిజం మాత్రం దాచకూడదు. 1957 నాటి 'మాయాబజార్'కి అయిదు స్పీకర్లు పెట్టినంత మాత్రాన ఘటోత్కచుడు వెనక నుంచి రాడు. అప్పటి శబ్దం ఒకే ట్రాకు. రిసీవరులో 'సరౌండ్' బొత్తాము నొక్కి దాన్ని గుంజి సాగదీయకండి. మధ్య స్పీకరులోంచే విననివ్వండి. ఎస్వీఆర్ గొంతు ఒక్కటి చాలు.

గోడ అవతల కూడా మనుషులున్నారు

కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభల ముందు బాక్సులు మోగితే ఆ రాత్రి ఎవరూ అడగరు. యేడాదికోసారి పండగ అది. మన ముందు గది రోజూ తిరునాళ్ళయితే మాత్రం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. సన్న శబ్దాన్ని గోడ ఆపుతుంది, సబ్‌వూఫర్ మోతని ఆపలేదు. అవతల ఇంట్లో ఇంటర్ పరీక్షకి చదువుకునే పిల్ల ఉండొచ్చు, తెల్లవారుజామున కోతకి పోవాల్సిన తల్లి ఉండొచ్చు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా హద్దు 45 డెసిబెల్స్. రిసీవరులో 'నైట్ మోడ్' ఉంటుంది. పెద్ద మోతని తగ్గించి చిన్న మాటని పెంచుతుంది. రాత్రిపూట అది వేసుకోండి. సబ్‌వూఫర్‌ని నేలకి ఆనకుండా మందపాటి రబ్బరు మీద పెట్టండి.

మరి హాలు మాటేమిటి?

"ఇంట్లోనే ఇంత సౌండు ఉంటే ఇక హాలుకెవరు పోతారు?" ఇది తేలిగ్గా కొట్టేసే ప్రశ్న కాదు. మన చిన్న ఊళ్ళలో ఎన్నో హాళ్ళు ఇప్పటికే కల్యాణమండపాలయ్యాయి, గోడౌన్లయ్యాయి. నాజ్ సెంటరు లాగా హాలు పేరే కూడలికి పేరైన ఊరు మన గుంటూరు. సినిమా హాలనేది మనకి అడ్రసు కూడా!

కాని ఆలోచించండి. హాళ్ళను ఖాళీ చేసేది మంచి సౌండు కాదు, చెడ్డ సౌండు. కుడి గోడ స్పీకరు యేడాదిగా మూగబోయి ఉన్నా ఎవరూ అడగరు. మధ్య స్పీకరు గరగరమంటుంటే "ప్రింటు బాలేదు" అని లేచి వస్తాం. అడగలేకపోవడానికి కారణం, అక్కడ ఏం వినపడాలో మనకి తెలియకపోవడమే. ఇంట్లో అయిదు స్పీకర్లను టేపుతో కొలిచి, చెవితో సరిచూసుకున్న కుర్రాడికి అది ఇట్టే తెలుస్తుంది. ఇంటర్వెల్లో వెళ్ళి "కుడి పక్క వెనకాల స్పీకరు పలకడం లేదండీ, చూడండి" అని మేనేజరుకి మర్యాదగా చెప్పగలడు. అలా చెప్పేవాళ్ళు షోకి పదిమంది ఉంటే, ఆ స్పీకరు మళ్ళీ మోగే రోజు దూరంలో ఉండదు.

రిలీజు రోజు ఈలలూ, పక్కవాడి పూనకమూ, వందమంది ఒక్కసారి నవ్విన నవ్వూ... ఇవి ఏ రిసీవరులోనూ రావు. వాటి కోసం హాలుకి పోవాల్సిందే. రెండోసారి, మూడోసారి చూసేటప్పుడు, మొదటిసారి ఈలల్లో కొట్టుకుపోయిన మాటనీ, రీ-రికార్డింగులో దాగిన వేణువునీ పట్టుకోవడానికి ఇల్లు. రెండు చోట్లకీ కావాల్సింది ఒకటే, వినడం తెలిసిన చెవి. అది మాత్రం ఏ కొట్లోనూ అమ్మరు. ఈసారి కొత్త సినిమా వచ్చినప్పుడు ఒక్క సీను కళ్ళు మూసుకుని వినండి. మీకే తెలుస్తుంది!